పెద్ద ఫోల్డర్ ఇస్తే విండో హ్యాంగ్ అవుతోంది, భాష మార్చాలా?

ప్రశ్న: పైథాన్ నేర్చుకుంటూ టికింటర్‌తో నా మొదటి డెస్క్‌టాప్ అప్లికేషన్ రాశాను. ఒక ఫోల్డర్‌ను ఎంచుకుంటే, అందులో ఒకే ఫొటోకు ఉన్న నకళ్లను వెతికి జాబితాగా చూపడం, అక్కరలేని వాటిని తొలగించడం దాని పని. చిన్న ఫోల్డర్లతో బాగానే నడుస్తోంది. వేలకొద్దీ ఫొటోలున్న ఫోల్డర్ ఇస్తే మాత్రం విండో తెల్లబడి, ‘స్పందించడం లేదు’ అని చూపుతోంది. ప్రోగ్రెస్ బార్ చివరిదాకా కదలకుండా ఉండి ఒక్కసారిగా నిండిపోతోంది. సెట్టింగులు దాచుకునే ఫైలు ఒకసారి ఖాళీగా కనిపించింది. ప్రోగ్రామును ఎగ్జిక్యూటబుల్‌గా మార్చి స్నేహితుడికి ఇస్తే, అతని కంప్యూటర్‌లో బటన్ల మీది బొమ్మలు రాలేదు. ఒక బటన్ నొక్కితే అసలేమీ జరగడం లేదట. ఇలాంటి పనులకు పైథాన్ సరిపోదా? వేరే భాషకు మారాలా? కొత్తవారికి పనికొచ్చే చిట్కాలేమైనా ఉంటే చెప్పగలరు.

సమాధానం: భాష మార్చవద్దు. మీరు రాసిన ఇబ్బందుల్లో పైథాన్ వల్ల వచ్చినది దాదాపు ఒక్కటీ లేదు. విండోలను, బటన్లను గీసిపెట్టే లైబ్రరీలు, అది 1991లో జాన్ ఔస్టర్‌హౌట్ విడుదల చేసిన టీకే కావచ్చు (మీ టికింటర్ నడిచేది దాని మీదే), 1995లో వచ్చిన క్యూటీ కావచ్చు, జావాలోని స్వింగ్ కావచ్చు, సీ షార్ప్‌తో వాడే విండోస్ ఫార్మ్స్ కావచ్చు, అన్నీ ఒకే నియమానికి కట్టుబడి ఉంటాయి: విండోను ముట్టుకునే పని ఏదైనా ఒకే థ్రెడ్‌లో (ప్రోగ్రాంలో పనులు ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే వరుసలో) జరగాలి, ఆ థ్రెడ్‌ను ఎక్కువసేపు ఆపి ఉంచకూడదు. ఈ నియమాన్ని పట్టించుకోని ప్రోగ్రాం ఏ భాషలో రాసినా మీ ప్రోగ్రాంలాగే బిగుసుకుపోతుంది. కాబట్టి మిగతా చిట్కాలకన్నా దీని మీదే ఎక్కువ సేపు మాట్లాడతాను.

మీ ప్రోగ్రాం చివరి వరుసలో మెయిన్‌లూప్ అనే ఫంక్షన్‌ను పిలిచి ఉంటారు. విండో తెరిచి ఉన్నంతసేపూ ప్రోగ్రాం నిజానికి ఆ ఒక్క వరుసలోనే తిరుగుతూ ఉంటుంది. మౌస్ కదిలిందని, కీ నొక్కారని, పైన కప్పి ఉన్న మరో విండో పక్కకు జరిగింది కాబట్టి మళ్లీ గీయాలని ఆపరేటింగ్ సిస్టమ్ పంపే సందేశాలు వరుసగా వచ్చి చేరుతుంటే, ఈ లూప్ వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, దేనికి మీరు ఏ ఫంక్షన్ ఇచ్చారో చూసి, దాన్ని పిలుస్తుంది. ఆ ఫంక్షన్ ముగిసి తిరిగి వచ్చేదాకా తర్వాతి సందేశం జోలికి పోదు. ఒకే ఒక్క గుమస్తా కూర్చున్న కౌంటర్ ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. ముందున్న మనిషి పని తెమిలేదాకా వెనకవాళ్లకు జవాబు ఉండదు. మీ ‘వెతుకు’ బటన్‌కు ఇచ్చిన ఫంక్షన్ కొన్ని నిమిషాలపాటు ఫైళ్లు చదువుతూ ఉండిపోతే, అంతసేపూ విండోను గీసే నాథుడు లేడు. ప్రోగ్రెస్ బార్ విలువను మీరు లోపల మారుస్తూనే ఉన్నారు, అందులో సందేహం లేదు. కాని మారిన విలువను తెర మీద గీయవలసింది కూడా ఆ లూపే కనుక, అంతా అయిపోయాక బార్ ఒక్కసారిగా నిండుతుంది. ఇక విండోస్, ఏదైనా ప్రోగ్రాం 5 సెకన్లపాటు తనకొచ్చిన సందేశాలను పట్టించుకోకపోతే అది ఆగిపోయినట్టు లెక్కగట్టి, దాని స్థానంలో అలాగే కనిపించే మరో విండోను నిలబెట్టి, పై పట్టీలో ‘స్పందించడం లేదు’ అని చేరుస్తుంది. మీరు చూసిన ఆ తెల్లబడ్డ విండో మీ ప్రోగ్రాం గీసినది కాదు, విండోస్ గీసినది.

దీన్ని కళ్లారా చూడాలంటే చిన్న పరీక్ష చేయండి. రెండే రెండు బటన్లున్న విండో ఒకటి రాసి, మొదటి బటన్ నొక్కితే టైమ్ మాడ్యూల్‌లోని స్లీప్‌తో 10 సెకన్లు ఆగేలా, రెండో బటన్ నొక్కితే ఒక లేబుల్‌లో అంకె ఒకటి పెరిగేలా పెట్టండి. మొదటిది నొక్కి, వెంటనే రెండోదాన్ని నాలుగైదుసార్లు నొక్కండి. పది సెకన్లూ ఏమీ కదలదు. ఆ తర్వాత అంకె గబగబా నాలుగైదు మెట్లు ఎక్కుతుంది. మీ నొక్కులు ఎక్కడికీ పోలేదు, వరుసలో నిలబడి ఉన్నాయి. హ్యాంగ్ అయిందనుకుని వాడుకరి ‘తొలగించు’ బటన్‌ను పదేపదే నొక్కితే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఒక ఫంక్షన్ ఎంతసేపు పనిచేస్తే ఫరవాలేదన్నదానికి పాత కొలత ఒకటి ఉంది. సాఫ్ట్‌వేర్ వాడుక సౌలభ్యంలో నిపుణుడైన జేకబ్ నీల్సన్ 1993లో రాసిన ప్రకారం, 0.1 సెకనులోపు జవాబు వస్తే మనిషికి అది తక్షణం జరిగినట్టే అనిపిస్తుంది. 1 సెకను వరకు ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే దృష్టి వేరే పని మీదికి పోతుంది. బటన్‌కు ఇచ్చే ప్రతి ఫంక్షన్ 0.1 సెకనులో తిరిగి రావాలని నియమం పెట్టుకోండి. అంతకు మించే పని ఏదైనా సరే, దాన్ని ముక్కలు చేయాలి, లేదా వేరే థ్రెడ్‌కు అప్పగించాలి.

ఈ రెండు దారులూ చెప్పేముందు, చాలామంది కొత్తవారు పట్టుకునే మూడో దారి గురించి హెచ్చరించాలి. లూప్ మధ్యలో విండో మీద అప్‌డేట్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే ప్రోగ్రెస్ బార్ కదులుతుందని ఎవరో ఒకరు మీకు చెబుతారు. కదులుతుంది కూడా. కాని అప్‌డేట్ తెరను గీసి ఊరుకోదు, వరుసలో ఉన్న సందేశాలన్నిటినీ అక్కడికక్కడే నడిపిస్తుంది. వాడుకరి మళ్లీ ‘వెతుకు’ నొక్కి ఉంటే, మొదటి వెతుకులాట సగంలో ఉండగానే దాని కడుపులో రెండోది మొదలవుతుంది. విండో మూసేసి ఉంటే, లేని విండోలో రాయబోయి ప్రోగ్రాం ఎర్రర్‌తో ఆగిపోతుంది. తెరను తాజా చేయడం ఒక్కటే కావాలంటే అప్‌డేట్ ఐడిల్‌టాస్క్స్ అనే మరో ఫంక్షన్ ఉంది, అది వాడుకరి నొక్కిన బటన్ల జోలికి పోదు. రెండు మూడు సెకన్ల పనికి, ‘లోడ్ అవుతోంది’ అన్న మాటను ముందుగా తెర మీదికి తేవడానికి అది చాలు. అంతకన్నా పెద్ద పనికి ఈ దారి వద్దు.

మొదటి సరైన దారి ఆఫ్టర్ అనే ఫంక్షన్. ఇన్ని మిల్లీసెకన్ల తర్వాత ఈ ఫంక్షన్‌ను పిలువు అని మెయిన్‌లూప్‌కు చీటీ రాసిపెట్టడం దాని పని. స్లీప్ లాగా అది ఎవరినీ ఆపదు. దీంతో పెద్ద పనిని ముక్కలు చేయవచ్చు: 20 ఫైళ్లు చూడు, బార్ జరుపు, తర్వాతి ముక్కకు 1 మిల్లీసెకను గడువుతో ఆఫ్టర్ పెట్టి తిరిగి వచ్చేయి. రెండు ముక్కల నడుమ లూప్‌కు ఊపిరి ఆడుతుంది, విండో బతికే ఉంటుంది. వెతికే ఫంక్షన్‌ను ఈల్డ్‌తో జెనరేటర్‌గా రాస్తే ఇది ఇంకా తేలిక. ప్రతిసారీ ఎక్కడ ఆగామో మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు, నెక్స్ట్ అని పిలిస్తే ఆగినచోటి నుంచే సాగుతుంది. థ్రెడ్లు ఇంకా నేర్చుకోనివారికి నేను మొదట చెప్పేది ఈ పద్ధతే, ఎందుకంటే ఇందులో ఒకే సమయంలో రెండు పనులు జరగవు కాబట్టి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం సులువు. అయితే ముక్కలో వచ్చిన ఒక్క ఫైలే పెద్ద వీడియో అయితే, దాన్ని చదివినంతసేపూ విండో మళ్లీ ఆగుతుంది.

అందుకే మీ పనికి రెండో దారి, అంటే థ్రెడ్, ఎక్కువ నప్పుతుంది. మామూలు పైథాన్‌లో ఒక తాళం ఉంటుందని, అది చేతిలో ఉన్న ఒక్క థ్రెడ్ మాత్రమే ఒక క్షణంలో పైథాన్ కోడ్‌ను నడపగలదని విని మీరు వెనకాడవచ్చు. ఆ మాట నిజమే. కాని ఫైలును డిస్క్ నుంచి చదివేటప్పుడు, 2047 బైట్లకు మించిన డేటాకు హ్యాష్ (దాన్ని గుర్తుపట్టే వేలిముద్ర లాంటి విలువ) లెక్కించేటప్పుడు పైథాన్ ఆ తాళాన్ని వదిలేస్తుంది. మీ ప్రోగ్రాం సమయమంతా పోయేది ఈ రెండు చోట్లే. కనుక వెతుకులాట వేరే థ్రెడ్‌లో సాగుతుండగా విండో హాయిగా కదులుతుంది. దీనికి రెండు నియమాలున్నాయి. వెతికే థ్రెడ్ ఏ లేబుల్‌నూ, బటన్‌నూ, బార్‌నూ ముట్టుకోకూడదు. అది తేల్చిన సంగతులను క్యూ మాడ్యూల్‌లోని క్యూలో వేసి ఊరుకోవాలి. విండో వైపు నుంచి ఆఫ్టర్‌తో 100 మిల్లీసెకన్లకు ఒకసారి నడిచే చిన్న ఫంక్షన్ ఆ క్యూలో ఉన్నవన్నీ ఖాళీ చేసి, తెర మీద చూపి, మళ్లీ తనకు తానే ఆఫ్టర్ పెట్టుకోవాలి. అది క్యూను ఆగకుండా చదివే గెట్ నోవెయిట్‌నే వాడాలి. మామూలు గెట్ వాడితే, క్యూ ఖాళీగా ఉన్నప్పుడు విండో దాని కోసం కాచుకుని కూర్చుంటుంది, పాత జబ్బు తిరగబెడుతుంది.

థ్రెడ్‌ను మొదలుపెట్టగానే ‘వెతుకు’ బటన్‌ను నొక్కడానికి వీల్లేకుండా చేసి, పని ముగిసినట్టు క్యూలో కబురు వచ్చాకే తిరిగి తెరవండి. పక్కన ‘ఆపు’ బటన్ ఒకటి ఉండాలి. బయటి నుంచి ఒక థ్రెడ్‌ను బలవంతంగా ఆపే మార్గం పైథాన్‌లో లేదు, అడిగి ఆపించాలి: థ్రెడింగ్ మాడ్యూల్‌లోని ఈవెంట్ ఒకటి పెట్టి, ‘ఆపు’ నొక్కితే దాన్ని సెట్ చేసి, వెతికే ఫంక్షన్ ప్రతి ఫైలుకూ ముందు దాన్ని ఒకసారి చూసుకునేలా రాయండి. థ్రెడ్‌ను సృష్టించేటప్పుడు డీమన్ అన్నదాన్ని ట్రూ చేయడం మరవకండి, లేకపోతే వాడుకరి విండో మూసేశాక కూడా ప్రోగ్రాం వెనకాల నడుస్తూనే ఉంటుంది.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. ఒక్కో ఫైలుకూ ఒక్కో కబురు క్యూలో వేస్తే, వేలకొద్దీ కబుర్లను తెర మీద చూపడమే విండోకు భారమై, థ్రెడ్ పెట్టి లాభం లేకుండా పోతుంది. బార్ సెకనుకు పదిసార్లు కదిలితే చాలు కనుక, 0.1 సెకనుకు ఒకసారి మాత్రమే కబురు పంపండి. జాబితాలోకి వరుసలను చేర్చడం కూడా అలాగే, వందేసి చొప్పున.

వెతికే ఫంక్షన్ ఉన్న ఫైలులో టికింటర్ అన్న మాటే కనిపించకూడదు. అది ఒక ఫోల్డర్ పేరు తీసుకుని, నకళ్ల గుంపులను తిరిగి ఇచ్చేదిగా మాత్రమే ఉండాలి. అప్పుడు విండో లేకుండానే, ఐదారు ఫైళ్లున్న ఒక పరీక్ష ఫోల్డర్ మీద దాన్ని నడిపి సరిచూసుకోవచ్చు. రేపు టికింటర్‌ను వదిలి క్యూటీకి మారినా ఆ ఫైలులో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. కొత్తవారి కోడ్‌లో బటన్ ఫంక్షన్లే వందల వరుసలు పెరిగిపోవడం చూస్తుంటాం. ఆ ఫంక్షన్ పెట్టెలలోని విలువలను తీసుకుని, అసలు పని చేసే ఫంక్షన్‌ను పిలిచి, వచ్చినదాన్ని చూపితే చాలు, పది వరుసలు దాటనక్కరలేదు.

ఇక వెతుకులాట పద్ధతికి వద్దాం. మీరు ప్రతి ఫైలునూ మొదటి నుంచి చివరిదాకా చదివి హ్యాష్ లెక్కిస్తున్నారని నా అనుమానం. అంత శ్రమ అవసరం లేదు. సైజు వేర్వేరుగా ఉన్న రెండు ఫైళ్లు ఒకటే అయ్యే అవకాశం లేదు, సైజు తెలుసుకోవడానికి ఫైలును తెరవనే అక్కరలేదు. ముందు అన్ని ఫైళ్లనూ సైజును బట్టి ఒక డిక్షనరీలో గుంపులు చేయండి. ఒంటరిగా మిగిలిన వాటిని వదిలేయండి. ఫొటోల సైజు బైట్ల లెక్కలో కచ్చితంగా కలవడం అరుదు కాబట్టి, అసలు నకళ్లు పోను చదవవలసినవి కొద్దిగానే మిగులుతాయి. ఆ మిగిలిన వాటిలో కూడా మొదటి 64 కిలోబైట్లకు మాత్రమే హ్యాష్ తీసి మరొకసారి వడకట్టి, అప్పటికీ కలిసిన వాటినే పూర్తిగా చదవండి. ఈ రెండు వడపోతలూ కలిపి ఇరవై వరుసల కోడ్ కూడా ఉండదు, కాని థ్రెడ్ ఇచ్చే సుఖం కన్నా వీటి వల్ల వచ్చే వేగం ఎక్కువ. నిజానికి పనిని థ్రెడ్‌కు అప్పగించే ముందు, ఆ పనిలో ఎంత భాగం అనవసరమో చూసుకోవడమే మంచి వరుస.

పూర్తిగా చదివేటప్పుడు కూడా ఫైలు మొత్తాన్ని ఒకే రీడ్‌తో మెమరీలోకి లాగవద్దు. ఒక మెగాబైట్ చొప్పున చదువుతూ హ్యాష్‌ను పెంచుకుంటూ పోండి. పైథాన్ 3.11 నుంచి హ్యాష్‌లిబ్‌లో ఫైల్ డైజెస్ట్ అనే ఫంక్షన్ ఈ పనిని తానే చేసిపెడుతుంది. హ్యాష్ లెక్కించే పద్ధతుల్లో ఎండీ5 బదులు షా-256 వాడండి, ఎందుకంటే వేర్వేరు డేటాకు ఒకే ఎండీ5 హ్యాష్ వచ్చేలా చేయవచ్చని 2004లోనే బయటపడింది. తొలగించే ముందు రెండు ఫైళ్లనూ బైటుకు బైటు పోల్చి చూడాలనుకుంటే ఫైల్‌సీఎంపీ మాడ్యూల్ ఉంది. దానిలో ఒక మెలిక కూడా ఉంది: మీరేమీ చెప్పకపోతే అది రెండు ఫైళ్ల రకం, సైజు, చివరిగా మార్చిన సమయం కలిస్తే చాలు, లోపల ఏముందో చదవకుండానే ఒకటేనని చెప్పేస్తుంది. షాలో అనే ఆర్గ్యుమెంట్‌ను ఫాల్స్ చేస్తేనే అది లోపలి డేటాను చదువుతుంది.

సెట్టింగుల ఫైలు ఖాళీ అవడానికి కారణం ఇది. ఫైలును రాయడం కోసం తెరిచిన మరుక్షణమే దానిలోని పాత సమాచారం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కొత్తది అప్పటికింకా రాయలేదు. ఆ నడుమ కరెంటు పోయినా, ప్రోగ్రాం ఆగినా, జేసన్‌గా (సెట్టింగుల వంటి సమాచారాన్ని అక్షరాల్లో రాసే పద్ధతి) మార్చలేని విలువ ఏదైనా తగిలి ఎర్రర్ వచ్చినా మీకు మిగిలేది ఖాళీ ఫైలో, సగం రాసిన ఫైలో. మీ ప్రోగ్రాం హ్యాంగ్ అయిందని బలవంతంగా మూసిన రోజునే ఇది జరిగి ఉండవచ్చు. నేరుగా ఫైలులోకి రాయకుండా ముందు జేసన్‌ను స్ట్రింగ్‌గా తయారు చేసుకోండి. ఎర్రర్ వచ్చేదేదైనా ఉంటే ఇక్కడే వస్తుంది, ఫైలుకు హాని ఉండదు. తర్వాత అదే ఫోల్డర్‌లో తాత్కాలిక పేరుతో మరో ఫైలు రాసి, మూసి, ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో అసలు పేరు మీదికి మార్చండి. అప్పుడు ఆ పేరుతో పాత ఫైలు ఉంటుంది, లేదా పూర్తిగా రాసిన కొత్తది ఉంటుంది, సగం సగం ఉండదు. ‘అదే ఫోల్డర్‌లో’ అన్నది ముఖ్యం. తాత్కాలిక ఫైలు వేరే డ్రైవ్‌లో ఉంటే రీప్లేస్ పనిచేయదు. రీనేమ్ అనే ఫంక్షన్‌ను వాడితే, ఆ పేరుతో అప్పటికే ఫైలు ఉన్నప్పుడు విండోస్‌లో ఎర్రర్ వస్తుంది.

ఫైలును తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడం అలవాటు చేసుకోండి. అది రాయకపోతే విండోస్‌లో పైథాన్ ఆ కంప్యూటర్‌కున్న పాత కోడ్ పేజీని (అక్షరాలను బైట్లుగా మార్చే పట్టికను) వాడుకుంటుంది కాబట్టి, తెలుగు పేరున్న ఫోల్డర్‌ను సెట్టింగుల్లో దాచబోతే ఎర్రర్ రావచ్చు.

ఇక సెట్టింగుల ఫైలు ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు, బొమ్మలు కనిపించకపోవడానికి సంబంధం ఉంది. మీరు ఎడిటర్ నుంచి నడిపినప్పుడు ప్రోగ్రాం మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో నిలబడి ఉంటుంది కనుక, ఉత్త ఫైలు పేరు రాస్తే బొమ్మ దొరుకుతుంది. మరో కంప్యూటర్‌లో షార్ట్‌కట్ మీద నొక్కితే అది ఏ ఫోల్డర్‌లో నిలబడుతుందో మీ చేతుల్లో లేదు. అందుకే బొమ్మల దారిని ఎప్పుడూ కోడ్ ఫైలు ఉన్నచోటి నుంచి లెక్కించాలి: పాత్‌లిబ్‌లోని పాత్‌కు, అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లతో రాసే ఫైల్ అన్న వేరియబుల్‌ను ఇచ్చి, దాని పేరెంట్‌ను తీసుకుంటే ఆ ఫోల్డర్ దొరుకుతుంది. పైఇన్‌స్టాలర్‌తో ఎగ్జిక్యూటబుల్ చేసినా ఇదే పద్ధతి పనిచేస్తుంది, కాకపోతే బొమ్మలను కూడా మూటలో చేర్చమని యాడ్ డేటా అన్న ఆప్షన్‌తో చెప్పాలి. ఒకే ఫైలుగా చేసిన ఎగ్జిక్యూటబుల్, తెరిచిన ప్రతిసారీ ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి తన సరంజామా అంతా విప్పుకుని, మూసేటప్పుడు దాన్ని చెరిపేస్తుంది. సెట్టింగులను కూడా కోడ్ పక్కనే రాస్తే అవి దాంతోపాటే పోతాయి. కాబట్టి ప్రోగ్రాంతో వచ్చేవి కోడ్ పక్కన, వాడుకరి సృష్టించేవి వాడుకరి ఫోల్డర్‌లో ఉండాలి: విండోస్‌లో యాప్‌డేటా, మ్యాక్‌లో లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్, లినక్స్‌లో హోమ్ కింద చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్.

దారి సరిగానే ఉన్నా బొమ్మ రావాల్సిన చోట ఖాళీ కనిపిస్తే కారణం వేరు. ఫంక్షన్ లోపల ఫొటోఇమేజ్ సృష్టించి లేబుల్‌కు ఇస్తే, ఫంక్షన్ ముగియగానే ఆ వేరియబుల్‌తోపాటు బొమ్మను కూడా పైథాన్ చెత్తగా ఊడ్చేస్తుంది. టీకే దాన్ని పట్టుకుని ఉంచదు. బొమ్మను క్లాస్‌లో సెల్ఫ్ కింద గాని, ఆ లేబుల్‌కే ఒక లక్షణంగా గాని దాచుకుంటే సరిపోతుంది. ఏ ఎర్రర్ సందేశమూ రాదు కాబట్టి దీని దగ్గర చాలా సమయం వృథా అవుతుంది.

మీ స్నేహితుడు నొక్కిన బటన్‌లో మాత్రం ఎర్రర్ వచ్చే ఉంటుంది, అది చూపే చోటే లేదు. బటన్ ఫంక్షన్‌లో ఎర్రర్ వస్తే టికింటర్ దాన్ని కన్సోల్‌లో అచ్చువేసి, ఏమీ జరగనట్టు ముందుకు సాగుతుంది. కన్సోల్ లేకుండా చేసిన ఎగ్జిక్యూటబుల్‌లో ఆ అచ్చు ఎవరికీ కనిపించదు. ప్రధాన విండోకు రిపోర్ట్ కాల్‌బ్యాక్ ఎక్సెప్షన్ అనే పేరుతో మీ సొంత ఫంక్షన్‌ను తగిలించి, అందులో ఎర్రర్ పూర్తి వివరాన్ని లాగింగ్ మాడ్యూల్‌తో ఒక ఫైలుకు రాసి, వాడుకరికి మెసేజ్‌బాక్స్‌లో రెండు ముక్కల్లో చెప్పండి. అప్పుడు మీ స్నేహితుడు ‘ఏమీ జరగడం లేదు’ అనే బదులు ఆ ఫైలును మీకు పంపగలడు. వేరే థ్రెడ్‌లో వచ్చిన ఎర్రర్లు దీనికి చిక్కవు. వెతికే ఫంక్షన్‌ను ట్రైలో పెట్టి, పట్టుకున్న ఎర్రర్‌ను కూడా క్యూలోనే వేయండి. ట్రై పెట్టి, ఎక్సెప్ట్ కింద పాస్ అని రాసి చేతులు దులుపుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మీరు అడగకపోయినా, కొత్తవారిని తరచూ పట్టుకునే చిన్న ఉచ్చులు మూడు చెబుతాను. బటన్‌కు కమాండ్ ఇచ్చేటప్పుడు ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెడితే, బటన్ తయారవుతుండగానే ఆ ఫంక్షన్ నడిచిపోయి, నొక్కినప్పుడు ఏమీ జరగదు. పేరు మాత్రమే ఇవ్వాలి. లూప్‌లో పది బటన్లు చేసి ఒక్కోదానికి లామ్డాతో (పేరు లేని చిన్న ఫంక్షన్‌తో) ఒక్కో అంకె ఇస్తే, ఏది నొక్కినా చివరి అంకే వస్తుంది, ఎందుకంటే లామ్డా ఆ వేరియబుల్‌ను చూసేది నొక్కినప్పుడు. అంకెను లామ్డాకు డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే అప్పటి విలువ అలాగే నిలుస్తుంది. ఒకే ఫ్రేమ్‌లో కొన్నింటిని ప్యాక్‌తో, కొన్నింటిని గ్రిడ్‌తో అమర్చవద్దు. గ్రిడ్ వాడితే వరుసలకు, నిలువులకు వెయిట్ ఇవ్వండి, లేకపోతే విండోను పెద్దది చేసినా జాబితా పెరగదు.

జాబితా పైన వెతుకుపెట్టె పెట్టాలనుకుంటే ఆఫ్టర్ మళ్లీ పనికొస్తుంది. ప్రతి అక్షరానికీ వేల వరుసలను వడకట్టకుండా, కీ నొక్కినప్పుడల్లా 300 మిల్లీసెకన్ల గడువుతో ఒక ఆఫ్టర్ పెట్టి, అంతకుముందు పెట్టినదాన్ని ఆఫ్టర్ క్యాన్సిల్‌తో రద్దు చేయండి. టైప్ చేయడం ఆగాకే వడపోత ఒక్కసారి జరుగుతుంది.

‘తొలగించు’ బటన్ విషయంలో నాది కాస్త పట్టుదల. ఓఎస్ మాడ్యూల్‌లోని రిమూవ్ ఫైలును రీసైకిల్ బిన్‌కు పంపదు, నేరుగా చెరిపేస్తుంది. ఇతరుల ఫొటోలతో పనిచేసే ప్రోగ్రాంలో అది వాడకూడదు. సెండ్ టు ట్రాష్ అనే చిన్న లైబ్రరీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకుంటే విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ ఫైలును బుట్టలోకి పంపుతుంది. జాబితా తయారైన తర్వాత, తొలగించేలోపు ఎవరైనా ఆ ఫైలును మార్చి ఉండవచ్చు కాబట్టి, పంపే ముందు సైజును, మార్చిన సమయాన్ని మళ్లీ ఒకసారి చూసుకోండి. తేడా ఉంటే ఆ ఫైలును వదిలేసి, సంగతి చెప్పండి. ఒక గుంపులోని నకళ్లన్నిటినీ వాడుకరి ఎంచుకుంటే, కనీసం ఒక్కదాని ఎంపిక తీసేదాకా ఆ బటన్ పనిచేయకుండా ఉంచండి.